ఆపరేషన్‌కి 60 ఏళ్లు, సరే... ఆ వస్తువుకి ఎన్నేళ్లు?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. మీ చెల్లెలికి 27 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. రొమ్ముల సైజు పెంచే ఆపరేషన్ చేయించుకోవాలని మూడేళ్లుగా అనుకుంటోంది, సొంత డబ్బు దాచుకుంది. క్లినిక్‌లో కౌన్సెలర్ "ఇది 60 ఏళ్ల నుంచి ఉన్న టెక్నాలజీ మేడమ్, లైఫ్‌టైమ్ వారంటీ" అన్నారు. మీ అమ్మగారేమో "సిలికాన్ పెడితే క్యాన్సర్ వస్తుందట" అని టెన్షన్ పడి అన్నం మానేశారు. మధ్యలో మీరు. అసలు దీని చరిత్ర ఏమిటి, ఇద్దరిలో ఎవరి మాట నిజం అని అడిగారు.

నేను ప్లాస్టిక్ సర్జన్‌ని. రిటైరై నాలుగేళ్లయింది. ఇంప్లాంట్లు (సైజు పెంచడానికి రొమ్ములో పెట్టే సంచులు) పెట్టాను, వేరేవాళ్లు పెట్టినవి తీశాను. అమ్మగారి మాటలో కొంత నిజం ఉంది, కౌన్సెలర్ మాటలోనూ కొంత ఉంది. కానీ ఆ 60 ఏళ్ల మాట దగ్గర కాస్త ఆగండి. ఆపరేషన్‌కి 60 ఏళ్లు దాటాయి, నిజమే. మీ చెల్లెలికి పెట్టబోయే వస్తువుకి అంత వయసు లేదు. ఈ చరిత్రంతా వస్తువు మారిన చరిత్రే. ఒకటి వస్తుంది, భేష్ అంటారు, పదేళ్లకో పదిహేనేళ్లకో దాని లోపం బయటపడుతుంది. అప్పుడు ఇంకోటి వస్తుంది, దానికి పాతదాని అనుభవం అంటగట్టి అమ్ముతారు.

ముందు ఒక చిన్న పక్కదారి. ఇది కూడా సుశ్రుతుడే చేశాడని ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తిరుగుతోంది. చేయలేదు. సుశ్రుత సంహితలో ఉన్నది తెగిన ముక్కు, చెవి తమ్మె, పెదవి బాగుచేసే పద్ధతులు. అవే చాలా గొప్పవి, లేనివి కలపాల్సిన పని లేదు.

రికార్డుల్లో మొదట కనిపించేది 1895లో జర్మనీలోని హైడెల్‌బర్గ్. విన్సెంట్స్ చెర్నీ అనే సర్జన్ దగ్గరికి ఒక గాయని వచ్చింది. రొమ్ములో గడ్డ తీసేయాలి, తీస్తే ఒక పక్క చప్పగా అయిపోతుంది, ఆమెది స్టేజీ మీద నిలబడే వృత్తి. అదృష్టమో ఏమో, ఆమె నడుము దగ్గర మామూలు కొవ్వు గడ్డ ఒకటి ఉంది. చెర్నీ దాన్ని తీసి రొమ్ములో ఖాళీ అయిన చోట అమర్చాడు. సొంత ఒంటి కొవ్వు కాబట్టి శరీరం పేచీ పెట్టలేదు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. అది సైజు పెంచడానికి చేసింది కాదు, రెండు వైపులా సమానంగా కనిపించడానికి చేసింది. ఈ రంగంలో కొన్ని పద్ధతులు ఇలాగే బాగుచేసే పనికి పుట్టి, తర్వాత అందం పనికి వెళ్లాయి.

మరుసటి పద్ధతి కథ అంత బాగోదు. 1899లో వియన్నాలో రాబర్ట్ గెర్సునీ అనే సర్జన్ పారఫిన్ అనే మైనాన్ని సూదితో ఎక్కించడం మొదలుపెట్టాడు. క్షయ వల్ల వృషణాలు తీసేసిన ఒక అబ్బాయికి మొదట చేశాడు. వేడి చేస్తే కరుగుతుంది, లోపల చల్లారితే గడ్డకడుతుంది, కోత లేదు, కుట్టు లేదు. ఇంకేం, ముఖం మీద ముడతలకీ, ముక్కుకీ, రొమ్ములకీ అందరూ వాడేశారు. కొన్నేళ్లకి ఆ మైనం ఉన్నచోట ఉండకుండా జారడం, రాయిలాంటి గడ్డలు కట్టడం, పుండ్లు పడడం మొదలైంది. రక్తనాళంలోకి వెళ్లి చూపు పోయినవాళ్లున్నారు, ప్రాణం పోయినవాళ్లున్నారు. తర్వాత మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ ముక్కు దూలం తీర్చుకోవడానికి పారఫిన్ ఎక్కించుకుంది. అది గడ్డం దాకా జారింది. ఆ రోజుల్లో యూరప్ మొత్తంలో అందగత్తెగా పేరున్న మనిషి ఆమె.

పారఫిన్ తర్వాతి 40 ఏళ్లు త్వరగా దాటేస్తాను. పిరుదుల నుంచి చర్మంతో సహా కొవ్వు తీసి పెట్టారు, అది సగం కరిగిపోయేది. 1950లలో ఐవలాన్ అనే స్పాంజి వచ్చింది, పాలీవినైల్ ఆల్కహాల్‌తో చేసింది. స్పాంజి కదా, చిల్లుల్లోకి శరీరం కండ అల్లుకుపోయి, ఏడాది తిరిగేసరికి కుంచించుకుపోయి చెక్కలా గట్టిపడేది. తీద్దామంటే రాదు.

అదే కాలంలో, యుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఉన్న జపాన్‌లో ద్రవ సిలికాన్ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. పరిశ్రమల్లో వాడే సరుకు. ఊరికే ఎక్కిస్తే జారిపోతుందని దానిలో రకరకాల నూనెలు కలిపేవారు. ఆ నూనెకి లోపల వాచి మచ్చ కడితే సిలికాన్ అక్కడే నిలబడుతుందని లెక్క! రోగం రావడమే వైద్యం అన్నమాట. ఆ ఇంజెక్షన్లే అమెరికా పశ్చిమ తీరానికి వచ్చాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో కాండార్ క్లబ్ డాన్సర్ కేరల్ డోడా 1964లో వాటితో దేశమంతా పేరు తెచ్చుకుంది. 1965లో అమెరికా ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ద్రవ సిలికాన్‌ని మందుల కిందికి తెచ్చి, అనుమతి లేకుండా వాడకూడదంది. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం 1975లో దాన్ని నేరమే చేసింది.

ఇది పాత కథ అనుకోకండి. 2000ల మధ్యలో నా దగ్గరికి ఒకామె వచ్చింది, 34 ఏళ్లు. విదేశంలో పనిచేసినప్పుడు ఒక పార్లర్‌లో "జెల్" ఎక్కించారట. ఒక రొమ్ములో చెయ్యి పెడితే గోలీల సంచీ తడిమినట్టుంది. లోపల ఏముందో స్కాన్‌లో సరిగ్గా తెలియదు, గడ్డల మధ్య క్యాన్సర్ దాక్కున్నా కనిపించదు. ఇంప్లాంట్ అయితే సంచీ, తీసేయొచ్చు. ఇంజెక్షన్ అయితే ఇసుకలో ఒలికిన నూనె, దేన్ని తీస్తారు? మూడు ఆపరేషన్లు చేసి చాలావరకు తీశాం, చాలా కండ కూడా పోయింది. చైనాలో కూడా పాలీఅక్రిలమైడ్ జెల్‌ని 1997లో అనుమతించి, ఇలాంటి ఫిర్యాదులు వచ్చాక 2006లో నిషేధించారు. అందుకే మీ చెల్లెలికి ఈ ఒక్క మాట ఇప్పుడే చెప్పండి: కోత లేకుండా ఏదో జెల్ ఎక్కిస్తామని ఎవరన్నా, ఎంత తక్కువ రేటు చెప్పినా, లేచి వచ్చేయాలి.

ఇప్పుడు మీ కౌన్సెలర్ చెప్పిన 60 ఏళ్ల దగ్గరికి వద్దాం. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, హ్యూస్టన్ నగరం. అప్పటిదాకా రక్తం గాజు సీసాల్లో ఉండేది, అప్పుడప్పుడే ప్లాస్టిక్ సంచుల్లోకి మారుతోంది. ఫ్రాంక్ గెరో అనే జూనియర్ డాక్టర్ నిండుగా ఉన్న రక్తం సంచీని చేత్తో నొక్కి చూశాడు. అచ్చం రొమ్ములా ఉందే అనిపించింది. మీరు ఎప్పుడైనా బ్లడ్ బ్యాంకులో గోరువెచ్చని సంచీ పట్టుకుంటే తెలుస్తుంది, అతను అన్నదాంట్లో అతిశయం ఏమీ లేదు. అతనూ, అతని సీనియర్ థామస్ క్రోనిన్ కలిసి డౌ కార్నింగ్ కంపెనీతో సిలికాన్ సంచీలో సిలికాన్ జెల్ నింపి ఒక వస్తువు చేశారు. మొదట ఎస్మరెల్డా అనే కుక్కకి పెట్టారు. అది కుట్లు కొరుక్కుంటోందని కొన్ని వారాలకే తీసేశారు. ప్రమాదం లేదని తేల్చారు.

1962లో జెఫర్సన్ డేవిస్ ఆసుపత్రికి టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆరుగురు పిల్లల తల్లి వచ్చింది. ఎందుకో తెలుసా? ఛాతీ మీద పచ్చబొట్టు తీయించుకోవడానికి. ఇంప్లాంట్ పెట్టించుకుంటావా అని డాక్టర్లే అడిగారు. నాకు అదేం వద్దు, చెవులు బయటికి పొడుచుకొచ్చాయి, అవి సరిచేయండి అందామె. చెవులు కూడా చేస్తామన్నారు, ఒప్పుకుంది. ప్రపంచంలో మొదటి సిలికాన్ జెల్ ఇంప్లాంట్ అలా జరిగింది. కావాలని అడిగినామె కాదు, చెవుల కోసం సరేనన్నామె. 50 ఏళ్ల తర్వాత కూడా అవి ఆమె ఒంట్లోనే ఉన్నాయి.

"చూశారా, 50 ఏళ్లు నిలిచింది" అంటారు. నిలిచింది. కానీ ఆ ఇంప్లాంట్ ఎలా ఉండేదో వినండి. మందపాటి గోడ, లోపల గట్టి జెల్, నీటి బొట్టు ఆకారం, వెనకవైపు కండరానికి అతుక్కోవడానికి డాక్రాన్ గుడ్డ ముక్కలు. చేతికి గట్టిగా తగులుతుందని ఫిర్యాదులొచ్చాయి. దాంతో 1970లలో గోడ పలచన చేశారు, జెల్ పలచన చేశారు. లేత తాటిముంజెలా మెత్తగా ఉండేవి, పేషెంట్లకి నచ్చాయి. పలచని గోడలోంచి జెల్ చెమటలా ఊరేది, పగిలేవి కూడా ఎక్కువ. 1980లలో గోడలో అడ్డుపొర పెట్టి మళ్లీ మందం చేశారు. ఈలోగా 1960ల మధ్యలోనే ఫ్రాన్స్‌లో ఆరియోన్ అనే సర్జన్ ఉప్పునీళ్లు నింపే రకం తెచ్చాడు. పగిలితే నీళ్లే కాబట్టి ఒంటికి హాని లేదు, కానీ ఒక పక్క రాత్రికి రాత్రి బెలూన్‌లా దిగిపోతుంది. ఇన్ని రకాలకీ కలిపి ఒకే పేరు, "ఇంప్లాంట్". కౌన్సెలర్ చెప్పే 60 ఏళ్లు వీటన్నిటి వయసూ కూడితే వచ్చింది.

ఏ రకమైనా ఒకటి మాత్రం మారలేదు. కాల్లో ముల్లు విరిగి ఉండిపోతే చుట్టూ గట్టి పొర కడుతుంది కదా, ఇంప్లాంట్ చుట్టూ శరీరం అలాంటి పొరే కడుతుంది. దాన్ని క్యాప్సూల్ అంటాం. అందరికీ కడుతుంది, అది మామూలే. కొందరిలో ఆ పొర బిగుసుకుంటుంది, రొమ్ము గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, నొప్పి వస్తుంది. 1970లలో దీనికి ఒక మొరటు వైద్యం ఉండేది. సర్జన్ రెండు చేతులతో రొమ్ముని పట్టుకుని, పొర "టప్" మని చిట్లేదాకా పిండేవాడు. మత్తు కూడా ఉండేది కాదు. పొరతో పాటు లోపలి ఇంప్లాంట్ కూడా పగిలేది. కంపెనీలే వద్దని చెప్పాక ఆగింది. నేను తీసినవాటిలో ఒక పాత క్యాప్సూల్ ఇప్పటికీ గుర్తుంది. సున్నం పట్టి కోడిగుడ్డు పెంకులా ఉంది, కత్తెర పెడితే కరకరమంది. లోపల జెల్ పాకంలా సాగుతోంది, గ్లవ్స్‌కి అంటుకుంటే వదలదు. ఆమెకి ఏ బాధా లేదు, మామోగ్రామ్‌కి (రొమ్ము ఎక్స్‌రేకి) వెళ్తే బయటపడింది.

ఇంత జరుగుతున్నా అమెరికాలో ప్రభుత్వం ఎందుకు ఊరుకుంది అంటే, 1976 దాకా వైద్య పరికరాల మీద ఎఫ్‌డీఏకి సరైన అధికారమే లేదు. చట్టం వచ్చేసరికి ఇవి మార్కెట్లో ఉన్నాయి కాబట్టి అలాగే సాగనిచ్చారు. 1982లో అక్కడి ప్లాస్టిక్ సర్జన్ల సంఘం ఎఫ్‌డీఏకి రాస్తూ చిన్న రొమ్ములు ఒక వైకల్యమనీ, నిజానికి జబ్బేననీ వాదించింది. మా వృత్తివాళ్లు రాసిన కాగితాల్లో నాకు తలవంపుగా అనిపించేది ఇదే. మీ చెల్లెలికి జబ్బేమీ లేదు. తన ఇష్టం కోసం చేయించుకోవాలనుకుంటే అది వేరే మాట, దాన్ని తప్పు పట్టను. లేని జబ్బు అంటగట్టి టేబుల్ ఎక్కించడం మాత్రం తప్పు.

1984లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో ఒక మహిళ డౌ కార్నింగ్ మీద గెలిచింది. శిక్షగా కట్టాల్సిన పరిహారమే 15 లక్షల డాలర్లు. కంపెనీ లోపలి కాగితాలు కోర్టు దాకా వచ్చాయి. తర్వాత ఇంప్లాంట్ల వల్ల ఒళ్లంతా జబ్బులొస్తున్నాయని టీవీల్లో కథనాలు, వేల కేసులు. 1992 జనవరిలో ఎఫ్‌డీఏ కమిషనర్ డేవిడ్ కెస్లర్ సిలికాన్ జెల్ ఇంప్లాంట్లు ఆపమన్నాడు. ఆయన అన్నది జాగ్రత్తగా చదవాలి. ఇవి ప్రమాదకరమని రుజువైంది అనలేదు. 30 ఏళ్లుగా అమ్ముతున్నారు, సురక్షితమని మీరు రుజువు చేయలేదు అన్నాడు. ఆ తేడా అప్పట్లో ఎవరికీ ఎక్కలేదు. 1994లో పెద్ద కంపెనీలు కలిసి 425 కోట్ల డాలర్ల సెటిల్మెంట్‌కి వచ్చాయి, 1995లో డౌ కార్నింగ్ దివాలా పిటిషన్ వేసింది.

తమాషా ఏమిటంటే, రుజువులు ఆ తర్వాతే తీరిగ్గా వచ్చాయి, అవి అందరూ అనుకున్నదానికి ఎదురు వచ్చాయి. 1994లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు ఇంప్లాంట్లున్న 749 మంది మహిళల్ని, లేనివాళ్లని పోల్చి చూస్తే కీళ్లవాతం, లూపస్ లాంటివి ఎక్కువగా కనిపించలేదు. 1999లో అమెరికాలో వైద్య నిపుణుల సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అధ్యయనాలన్నీ చూసి, ఒళ్లంతా వ్యాపించే జబ్బులకి ఇవే కారణమనడానికి ఆధారాల్లేవంది. అసలు సమస్య పెట్టిన చోటే: గట్టిపడడం, పగలడం, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు. 2006 నవంబర్‌లో రెండు కంపెనీల జెల్ ఇంప్లాంట్లకి మళ్లీ అనుమతి వచ్చింది, అందం కోసమైతే 22 ఏళ్లు నిండాలన్న షరతుతో. అలాగని ఒళ్లు నొప్పులు, నీరసం అని చెప్పే మహిళలందరూ ఊహించుకుంటున్నారని నేను అనను. తీసేశాక తేలికపడ్డామన్నవాళ్లని చూశాను. కారణం మాత్రం ఇంకా తేలలేదు.

ఇక మోసం. దక్షిణ ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ, యజమాని జాన్-క్లోడ్ మాస్. వైద్యానికి తగిన జెల్ ఖరీదని, పరిశ్రమల సిలికాన్ నింపి అమ్మాడు. తనిఖీకి ముందే చెప్పి వచ్చేవాళ్లు, వాళ్లొచ్చే రోజుకి ఆ డ్రమ్ములు మాయమయ్యేవి. యూరప్ నాణ్యత ముద్ర మాత్రం పెట్టె మీద ఉండేది. 2010లో పట్టుబడేసరికి 60కి పైగా దేశాల్లో దాదాపు 3 లక్షల మంది ఒంట్లో అవి ఉన్నాయి. ఫ్రాన్స్ తన దేశంలోని 30,000 మందిని తీయించుకోమంది. మాస్‌కి 2013లో నాలుగేళ్ల జైలు పడింది. సర్జన్లకి కూడా తెలియదు. పెట్టె విప్పి చేత్తో పట్టుకుంటే అన్నీ ఒకేలా ఉంటాయి.

అమ్మగారి క్యాన్సర్ మాటకి వస్తున్నాను. ఇంప్లాంట్ వల్ల మామూలు రొమ్ము క్యాన్సర్ పెరుగుతుందని తేలలేదు. కానీ ఇంప్లాంట్ చుట్టూ ఉన్న క్యాప్సూల్‌లో వచ్చే అరుదైన లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) ఒకటుంది, బీఐఏ-ఏఎల్‌సీఎల్ అంటారు. ఇది ప్రధానంగా గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లలో కనబడింది. ఆ గరుకు ఎందుకు పెట్టారనుకున్నారు? క్యాప్సూల్ బిగుసుకోకుండా. ఒక లోపం దిద్దబోతే వచ్చిన లోపం ఇది. ఎఫ్‌డీఏ మొదటి హెచ్చరిక 2011లో వచ్చింది. 2019 జులై నాటికి ప్రపంచం మొత్తంలో 573 కేసులు, 33 మరణాలు లెక్కకొచ్చాయి, వాటిలో 481 అలర్గాన్ కంపెనీవి. బయోసెల్ అనే గరుకు పైపొర రకాన్ని ఆ కంపెనీ అన్ని దేశాల నుంచీ వెనక్కి తీసుకుంది. లక్షల మందిలో ఇది చాలా తక్కువే, త్వరగా కనిపెట్టి ఇంప్లాంట్, క్యాప్సూల్ రెండూ తీసేస్తే ఎక్కువమందికి నయమవుతుంది. గుర్తు: ఆపరేషన్ అయిన ఏళ్ల తర్వాత ఉన్నట్టుండి ఒక పక్క వాపు. అప్పుడు ఆ వాపులో చేరిన నీరు తీసి పరీక్షకి పంపాలి, యాంటీబయాటిక్స్ ఇచ్చి ఇంటికి పంపకూడదు.

కొవ్వు సంగతి కూడా అడుగుతారు, ఎలాగూ క్లినిక్‌లో చెప్తారు. నడుము కొవ్వు తీసి రొమ్ములో ఎక్కించడాన్ని 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘమే వద్దంది, మామోగ్రామ్‌లో క్యాన్సర్‌తో పొరబడతామని. 2009లో ఆ మాట సడలించింది. చెర్నీ దగ్గర మొదలైన చోటికే తిరిగొచ్చాం. సైజు కొద్దిగానే పెరుగుతుంది, ఎక్కించిన కొవ్వులో కొంత కరిగిపోతుంది, సన్నగా ఉన్న అమ్మాయికి తీయడానికి కొవ్వే ఉండదు.

మన పక్కనే చెన్నైలో స్టాన్లీ ఆసుపత్రిలో 2018లో పేదవాళ్లకి ఉచితంగా ఈ ఆపరేషన్లు మొదలుపెడితే ప్రజారోగ్యం డబ్బు దీనికా అని గొడవైంది. నేను అటూ ఇటూ కాదు. ఉచితమైనా లక్షలైనా, పెట్టించుకున్నామె మళ్లీ మళ్లీ చెకప్‌కి రావాలి, ఆ ఖర్చు సంగతి మాత్రం ఎవరూ మాట్లాడలేదనిపించింది.

"లైఫ్‌టైమ్ వారంటీ" అంటే ఏమిటో చెప్పి ముగిస్తాను. మామూలుగా దాని అర్థం ఇంప్లాంట్ పగిలితే కంపెనీ కొత్త ఇంప్లాంట్ ఇస్తుందని. సర్జన్ ఫీజు, మత్తు, ఆసుపత్రి ఖర్చు అందులో ఉన్నాయా, ఎన్నేళ్లు ఉన్నాయి, కాగితం అడిగి చదవండి. ఇంప్లాంట్లు జీవితకాలం ఉండే వస్తువులు కావని 2021 నుంచి అమెరికాలో ఇంప్లాంట్‌తో ఇచ్చే సమాచార పత్రంలోనే హెచ్చరిక ఉంటోంది. జెల్ రకం చప్పుడు లేకుండా పగలొచ్చు, అందుకే ఐదారేళ్లకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ చేయించమంటారు. 27 ఏళ్ల అమ్మాయి అంటే ముందున్న జీవితంలో ఇంకో ఆపరేషన్ కనీసం ఒకటి ఉందనుకునే దిగాలి, దానికి డబ్బు కూడా ఇప్పుడే పక్కన పెట్టుకోవాలి. పిల్లలకి పాలు ఎక్కువమంది ఇవ్వగలుగుతారు, గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. మామోగ్రామ్‌కి వెళ్తే ఇంప్లాంట్ ఉందని టెక్నీషియన్‌కి ముందే చెప్పాలి.

సర్జన్‌ని కలిసినప్పుడు అడగాల్సినవి: కంపెనీ పేరేంటి, పైపొర నునుపా గరుకా, ఈ మోడల్ ఎప్పటి నుంచి వాడుతున్నారు, మీరే ఎన్ని తీశారు. చివరి ప్రశ్నకి ఇబ్బంది పడే సర్జన్ దగ్గర నేనైతే మా అమ్మాయికి చేయించను.

ఇంకొకటి. నా దగ్గరికి ఒకామె 14 ఏళ్ల తర్వాత వాపుతో వచ్చింది. ఏ కంపెనీదో తెలియదు, కాగితాలు లేవు, చేసిన క్లినిక్ ఎప్పుడో మూతపడింది. గరుకు రకమా కాదా అన్నది కోసి తీశాకే తెలిసింది. ఆమెకి అది మామూలు నీరే అని రిపోర్ట్ వచ్చింది, కానీ రిపోర్ట్ వచ్చేదాకా పది రోజులు ఆ కుటుంబం నిద్రపోలేదు. ప్రతి ఇంప్లాంట్ పెట్టెలో సీరియల్ నంబర్, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఒకటి ఆసుపత్రి ఫైల్లో అంటిస్తారు, ఒకటి పేషెంట్ కార్డు మీద అంటించి ఇవ్వాలి. రెండు పక్కలకీ రెండు నంబర్లు. డిశ్చార్జ్ రోజు అడిగి తీసుకోండి, ఫోటో తీసి మీ చెల్లెలి ఫోన్‌లో ఒకటి, మీ ఫోన్‌లో ఒకటి ఉంచుకోండి.